సమ్మెలు పుట్టించింది విప్లవకారులేనా?

మీరు అడిగింది ఇదీ. చరిత్రలో పెద్ద సమ్మెలన్నీ బయటి నుంచి వచ్చిన విప్లవకారులు రెచ్చగొట్టినవేనని మీ మేనేజర్ అంటున్నారు. వాళ్లే లేకపోతే ఎనిమిది గంటల పని, వారపు సెలవు కార్మికులకు దక్కేవే కావని మీ యూనియన్ నాయకుడు అంటున్నారు. ఎవరి మాట నిజం, అసలు ఈ బయటివాళ్లు నాయకులు ఎలా అవుతారు అన్నది మీ సందేహం.

నన్నడిగితే ఇద్దరూ చెబుతున్నది ఒకటే. ఒకాయన తిడుతూ, ఇంకొకాయన పొగుడుతూ సమ్మెను విప్లవకారుడి ఖాతాలోనే రాస్తున్నారు. నేను చాలాకాలం యూనియన్ ఆఫీసులో చందా రసీదులు రాసి, ఆ తర్వాత కార్మికులకు చరిత్ర క్లాసులు చెప్పినవాణ్ణి. నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది కాబట్టి, ఆ మేరకు తగ్గించుకునే చదవండి. నేను చదివినంతలో సమ్మె దాదాపు ఎప్పుడూ కార్మికుల సొంత లెక్క మీదే మొదలైంది. అలాగని విప్లవకారుల పాత్ర చిన్నదని కాదు. అది సమ్మె మొదలైన మర్నాటి నుంచి కనిపిస్తుంది, అటువైపు చూసేవాళ్లు తక్కువ.

1905 సెప్టెంబరులో మాస్కోలో సీతిన్ అచ్చుకూటంలో ఏం జరిగిందో చూడండి. కంపోజిటర్లకు వెయ్యి అక్షరాలకు ఇంత అని కూలి కట్టేవారు. కామాలు, ఫుల్‌స్టాపులు ఆ లెక్కలోకి రావు. కానీ కామా కూడా సీసపు దిమ్మే కదా. దాన్నీ అరలోంచి వేళ్లతో ఏరాలి, వరసలో నిలబెట్టాలి, పని అయ్యాక మళ్లీ అరలో వేయాలి. చేతికి అక్షరానికెంత శ్రమో కామాకూ అంతే. విరామ చిహ్నాలకు కూడా కూలి కట్టమని వాళ్లు పని ఆపారు. మిగతా అచ్చుకూటాలు కలిశాయి, రొట్టెల కార్మికులు కలిశారు, అక్టోబరులో రైల్వేలు ఆగిపోయాయి, దాంతో దేశమే ఆగిపోయింది. రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కార్మికుల ప్రతినిధుల సోవియట్, అంటే మండలి, ఏర్పడింది. అక్టోబరు 17న, అప్పటి రష్యా క్యాలెండర్ ప్రకారం, పౌర హక్కులూ ఎన్నికైన సభా ఇస్తానని జార్ ప్రకటన చేయాల్సివచ్చింది. కామాకు కూలి కావాలని ఏ విప్లవ పార్టీ కార్యక్రమంలోనూ లేదు. రష్యా సోషలిస్టు పార్టీలోని రెండు వర్గాలు, బోల్షివిక్కులు, మెన్షివిక్కులు, 1903లో చీలిపోయిన దగ్గర్నుంచి ఒకరి మీద ఒకరు కరపత్రాలు వేసుకుంటూ కూర్చున్నారు.

అదే ఏడు జనవరిలో జరిగింది ఇంకా విచిత్రం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పుతీలోవ్ ఫ్యాక్టరీలో నలుగురిని తీసేశారన్న గొడవ సమ్మెగా మారింది. ఆ కార్మికులను కూడగట్టింది గపోన్ అనే చర్చి ఫాదర్ నడిపిన సంఘం. ఆ సంఘానికి పోలీసుల అనుమతి ఉంది. విప్లవకారుల చేతిలో పడకుండా కార్మికులను మంచి మాటలతో దారిలో పెట్టాలన్నది ఉద్దేశం. జార్‌కు విన్నపం ఇవ్వడానికి దేవుడి పటాలు పట్టుకుని వచ్చినవాళ్ల మీద సైన్యం కాల్పులు జరిపింది. పోలీసులు తమ రక్షణ కోసం ఒప్పుకున్న సంఘమే విప్లవానికి దారి తీసింది.

1917 ఫిబ్రవరిలో పెట్రోగ్రాడ్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) సంగతి చాలామందికి తెలిసిందే. మహిళా దినం నాడు వీబోర్గ్ పేటలో బట్టల మిల్లుల ఆడవాళ్లు పని ఆపి వీధిలోకి వచ్చారు. ఆ పేటలోని బోల్షివిక్ నాయకుడు కయూరోవ్ ముందు రోజు రాత్రే వాళ్లను కలిసి, ఇప్పుడే తొందరపడొద్దని చెప్పాడు. వాళ్లు వినలేదు. వారం తిరిగేసరికి జార్ గద్దె దిగాడు. బోల్షివిక్కుల అగ్రనాయకుడు లెనిన్ అప్పటికి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉన్నాడు. రాబోయే విప్లవపు నిర్ణాయక పోరాటాలను మా తరం బతికుండి చూస్తుందో లేదో అని ఆయన ఒక ఉపన్యాసంలో అని పట్టుమని రెండు నెలలు కాలేదు.

ఇవన్నీ చెప్పి, చూశారా, విప్లవకారులతో పనే లేదు అని తేల్చేస్తే అది కూడా తప్పే. పని ఆపడం ఒక్క పూటలో అయిపోతుంది. ఆపిన పనిని నెలల తరబడి ఆపి ఉంచడం, అప్పటిదాకా పొయ్యి వెలిగేలా చూడడం, చివరికి ఒక కాగితం మీద సంతకం పెట్టించడం వేరే విద్య. ఆ విద్య తెలిసినవాళ్లు ఎవరో ఒకరు కావాలి.

అమెరికాలో లారెన్స్ పట్టణం దీనికి మంచి ఉదాహరణ. నేను క్లాసుల్లో ఎక్కువసేపు చెప్పేది కూడా దీని గురించే. మసాచుసెట్స్ ప్రభుత్వం ఆడవాళ్లకూ పిల్లలకూ వారపు పనిగంటలను 56 నుంచి 54కు తగ్గించింది. 1912 జనవరి 1 నుంచి అమలు. మంచి చట్టమే. మిల్లు యజమానులు ఆ రెండు గంటల జీతం కోసేశారు. కోత వారానికి ముప్పై సెంట్ల చిల్లర. వినడానికి అదెంత అనిపిస్తుంది, కానీ ఆ ఇళ్లలో అది కొన్ని రొట్టెలు. జనవరి 11న ఎవరెట్ మిల్లులో పోలండ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు జీతం కవరు విప్పి, తక్కువ వచ్చిందని చూసుకుని, మగ్గాలు ఆపి బయటికి నడిచారు. మర్నాటికి వేలమంది. 1905లో షికాగోలో పుట్టిన ఐడబ్ల్యూడబ్ల్యూ (ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్) అనే విప్లవ సంఘం తరఫున జోసెఫ్ ఎటర్ న్యూయార్క్ నుంచి వచ్చేసరికి మిల్లులు ఆగిపోయి ఉన్నాయి.

అప్పుడు ఎటర్ ఏం చేశాడన్నదే అసలు విషయం. పట్టణంలో పదుల కొద్దీ భాషలు మాట్లాడేవాళ్లున్నారు. ఒక్కో జాతి వాళ్ల నుంచి నలుగురు చొప్పున సమ్మె కమిటీ వేయించాడు, మీటింగుల్లో ప్రతి మాటా అనువాదం చేయించాడు. వీళ్లకు నైపుణ్యం లేదు, ఇంగ్లీషు రాదు అని ఒక్కో చేతిపనికి ఒక్కోటిగా ఉండే పాత క్రాఫ్ట్ యూనియన్లు వదిలేసిన జనం వీళ్లంతా. మిల్లు ముందు గుమిగూడితే నేరం అన్నారు, అందుకని ఎక్కడా ఆగకుండా మిల్లుల పేట చుట్టూ గంటల తరబడి నడుస్తూనే ఉండే పికెటింగ్ పెట్టారు. ఉమ్మడి వంటశాలలు నడిపారు. పిల్లల్ని న్యూయార్క్‌లోని సానుభూతిపరుల ఇళ్లకు పంపారు. ఫిబ్రవరి 24న అలా పంపుతుంటే స్టేషన్‌లో పోలీసులు తల్లుల్నీ పిల్లల్నీ కొట్టారు. దేశం ఉలిక్కిపడింది. వాషింగ్టన్‌లో విచారణ జరిగింది. కమెల్లా తియోలి అనే అమ్మాయి వచ్చి, మిషన్‌లో జుట్టు చిక్కుకుని నెత్తి మీద చర్మం ఊడిపోతే నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నానని చెప్పింది. మార్చిలో యజమానులు దిగివచ్చి జీతాలు పెంచారు, అతి తక్కువ జీతగాళ్లకు అతి ఎక్కువ శాతం.

మధ్యలో ఇంకో సంగతి. సమ్మె మొదలైన కొత్తలో పట్టణంలో డైనమైట్ దొరికింది, సమ్మెదారుల పనే అన్నారు పత్రికలవాళ్లు. తీరా చూస్తే పెట్టింది జాన్ బ్రీన్ అనే స్థానిక పెద్దమనిషి, సమ్మెకు చెడ్డపేరు తేవడానికి. శిక్ష 500 డాలర్ల జరిమానా. అదే సమయంలో అన్నా లొపిజ్జో అనే సమ్మెదారు తూటాకు బలైంది. ఆ చోటికి చాలా దూరంలో ఉపన్యాసమిస్తున్న ఎటర్‌నూ అతని సహచరుడు జొవన్నిట్టినీ ఆ హత్యలో భాగస్వాములని జైల్లో వేశారు. నవంబరులో జ్యూరీ నిర్దోషులంది, అప్పటికి సమ్మె ముగిసి ఎనిమిది నెలలు.

అయితే గెలిచిన యూనియన్ లారెన్స్‌లో నిలిచిందా అంటే లేదు. ఏడాది రెండేళ్లలో సభ్యులు వేల నుంచి వందలకు పడిపోయారు. ఐడబ్ల్యూడబ్ల్యూకు యజమానితో రాతపూర్వక ఒప్పందం చేసుకోవడమంటేనే పడదు, అది వర్గ రాజీ అనేది వాళ్ల వాదన. సమ్మె నడపడంలో అంత చేయి తిరిగినవాళ్లు నెలనెలా చందా వసూలు, వర్క్‌షాప్ కమిటీ, ఫిర్యాదుల రిజిస్టరు లాంటి విసుగు పనులను చిన్నచూపు చూశారు. నా దృష్టిలో అది సిద్ధాంతం పేరుతో చేసిన బద్ధకం.

ఆ విసుగు పనులు చేసిన విప్లవకారులూ ఉన్నారు. లండన్‌లో గ్యాస్ కార్మికుడు విల్ థోర్న్ 1889లో యూనియన్ పెట్టి ఎనిమిది గంటల పని సాధించాడు. అతనికి చదువు అంతంతమాత్రం. నియమావళి రాయడంలో, లెక్కల్లో, చదువులో అతనికి సాయపడింది కార్ల్ మార్క్స్ చిన్న కూతురు ఎలినార్. అదే ఏడు ఓడరేవు కార్మికులు గంటకు ఆరు పెన్నీల కోసం సమ్మె చేసినప్పుడు ఆఫీసులో కూర్చుని ఉత్తరాలకు జవాబులు రాసిందీ ఆమే. ఆ సమ్మెను నిలబెట్టింది ఆస్ట్రేలియా కార్మికులు పంపిన దాదాపు 30,000 పౌండ్ల చందా. అంత డబ్బు వచ్చినప్పుడు లెక్క సరిగ్గా ఉండకపోతే సమ్మె యజమాని చేతిలో కాదు, సొంత సభ్యుల అనుమానంతోనే చస్తుంది. యూనియన్ ఆఫీసులో పనిచేసిన ఎవరినైనా అడగండి.

ఇక మీ మేనేజర్ మాటకు వద్దాం. బయటివాళ్లు రెచ్చగొట్టారన్న వాదన ఆయనది కాదు, రెండొందల ఏళ్ల నాటిది. 1834లో ఇంగ్లండ్‌లో టోల్‌పడిల్ అనే పల్లెలో వారానికి తొమ్మిది షిల్లింగుల కూలి ఏడుకు పడిపోయి, ఆరుకు దిగబోతుంటే, వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకున్నారు. అప్పటికి సంఘం పెట్టడం నేరం కాదు. అందుకని నావికుల తిరుగుబాట్ల నాడు, 1797లో చేసిన రహస్య ప్రమాణాల చట్టాన్ని తవ్వితీసి ఆరుగురికి ఏడేళ్ల ప్రవాస శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపారు. వాళ్ల నాయకుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్ట్ బోధకుడు, అదే ఊరి కూలీ. అక్కడ బయటివాడే లేడు, అయినా కుట్ర దొరికింది. దేశమంతా గోల చేస్తే 1836లో క్షమాభిక్ష పెట్టాల్సివచ్చింది.

మేడేకు మూలమైన షికాగో కేసు అందరూ చెప్పేదే కాబట్టి అందులో రెండు మాటలే చెబుతాను. ఒకటి, అక్కడి అరాచకవాదులు మొదట్లో ఎనిమిది గంటల డిమాండును పట్టించుకోలేదు. కూలి వ్యవస్థే పోవాలి గానీ గంటలు తగ్గితే ఏం లాభం అన్నారు. కార్మికులు ఆ నినాదం వెంట వేలకు వేలు కదిలాకే వాళ్ల నాయకులు పార్సన్స్, స్పైస్ అందులో దిగారు, దిగాక మాత్రం ప్రాణం పెట్టి పనిచేశారు. రెండు, 1886 మే 4న హేమార్కెట్ సభ దగ్గర పోలీసుల మీద బాంబు వేసింది ఎవరో ఈనాటికీ తేలలేదు. శిక్షపడిన ఎనిమిది మందిలో ఎక్కువమంది ఆ క్షణాన అక్కడ లేరు. వాళ్ల రాతలు, మాటలు ఎవరినో ప్రేరేపించాయన్నది ప్రాసిక్యూషన్ వాదన. 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు, ఒకరు ముందు రోజే జైల్లో ప్రాణం తీసుకున్నారు. మిగిలిన ముగ్గురినీ 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్, విచారణ న్యాయంగా జరగలేదంటూ విడుదల చేశాడు.

మన దేశంలో మీరట్ కేసు ఇదే కోవ. 1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో లక్షన్నర మంది ఆరు నెలల పాటు సమ్మె చేశారు. కమ్యూనిస్టులు నడిపిన మిల్లు కార్మికుల సంఘం గిర్నీ కామ్‌గార్ యూనియన్ సభ్యత్వం యాభై వేలు దాటింది. 1929 మార్చి 20న దేశమంతటా 31 మంది కమ్యూనిస్టు, కార్మిక నాయకులను పట్టుకుని, బొంబాయికి ఎంతో దూరంలోని మీరట్‌లో, జ్యూరీ బెడద లేని చోట, చక్రవర్తి సార్వభౌమత్వంపై కుట్ర అని కేసు పెట్టారు. ముగ్గురు ఇంగ్లీషువాళ్లు కూడా ముద్దాయిలే. తీర్పు 1933లో వచ్చింది. ఆ అరెస్టుల దెబ్బకు 1929 సమ్మె ఓడి యూనియన్ కుప్పకూలింది. అంటే నాయకులను తీసేస్తే సంఘం పడుతుందన్న లెక్క ఒక్కోసారి ఫలిస్తుంది. కానీ మిల్లు కార్మికుల కష్టాలు అలాగే ఉండిపోయాయి, 1934లో మళ్లీ సమ్మె వచ్చింది.

విప్లవకారులు నిజంగా చేటు చేసిన సందర్భాలు లేవా? ఉన్నాయి. 1892లో కార్నెగీ ఉక్కు కంపెనీకి చెందిన హోమ్‌స్టెడ్ ఫ్యాక్టరీలో లాకౌట్. కంపెనీ పడవల్లో దించిన పింకర్టన్ ప్రైవేటు సాయుధులతో జూలై 6న కార్మికులు రోజంతా పోరాడి లొంగదీసుకున్నారు. రెండువైపులా ప్రాణాలు పోయాయి, జనం సానుభూతి కార్మికుల వైపే ఉంది. జూలై 23న అలెగ్జాండర్ బెర్క్‌మన్ అనే యువ అరాచకవాది, ఆ కార్మికులతో ఏ సంబంధమూ లేనివాడు, కంపెనీ అధికారి ఫ్రిక్ ఆఫీసులోకి వెళ్లి కాల్చాడు. ఫ్రిక్ బతికాడు. బెర్క్‌మన్‌ను సుత్తితో కొట్టి పడేసింది ఎవరనుకున్నారు, ఆఫీసులో పనిచేస్తున్న వడ్రంగి. ఎవరి కోసం తుపాకీ పేల్చాడో ఆ వర్గం మనిషే. యూనియన్ ఆ పనిని ఖండించినా లాభం లేకపోయింది, సానుభూతి తిరగబడింది. నవంబరుకల్లా సమ్మె ఓడింది, ఆ ప్లాంటులోకి యూనియన్ మళ్లీ రావడానికి దశాబ్దాలు పట్టింది.

దీనికన్నా లోతైన తప్పు ఒకటుంది, అది తుపాకీ లేని తప్పు. కార్మికవర్గం ఒక్కటే అన్న నినాదం నమ్మి, లోపలి గీతలు చూడకపోవడం. బొంబాయి మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. కండె మార్చినప్పుడల్లా నూలు పోగును నాడె కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడి నోరు తగిలిన నాడెను మేం ముట్టుకోమని సవర్ణ నేతగాళ్లు దళితులను ఆ విభాగంలోకి రానివ్వలేదు. 1928 సమ్మె డిమాండ్లలో ఇది కూడా పెట్టాలని అంబేడ్కర్ పట్టుబట్టాల్సివచ్చింది. యజమాని మీద అంత పదునుగా మాట్లాడే నాయకులు సొంత సభ్యుల దగ్గర నసిగారు. అంతకుముందు 1921లో మద్రాసు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల సమ్మెలో ఆది ద్రావిడ (దళిత) కార్మికులు పనిలోకి తిరిగి వెళ్లడం, దాని మీద పులియాంతోపులో గుడిసెలు తగలబడేదాకా గొడవలు ముదరడం సమ్మెనే ముంచేశాయి. వాళ్లను ద్రోహులనడం తేలిక. అంతకుముందు వాళ్ల గోడు యూనియన్‌లో ఎవరు విన్నారని అడగడం కష్టం.

ఇక కార్మికుడు, విప్లవకారుడు అని విడదీయడం కూడా ఒక హద్దు దాటితే పనికిరాదు. 1909 నవంబరులో న్యూయార్క్‌లో దుస్తుల ఫ్యాక్టరీల అమ్మాయిల సభలో పెద్ద నాయకులంతా రెండు గంటలు జాగ్రత్తలు చెబుతుంటే, లేచి, యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలో, ఇక మాటలు చాలు సమ్మె చేద్దాం అన్నది క్లారా లెమ్లిక్. వయసు ఇరవై మూడు. ఆమె బట్టలు కుట్టే కార్మికురాలు, సోషలిస్టు కూడా. ఇరవై వేల మంది ఆమె వెంట బయటికి వచ్చారు. మీ యూనియన్ నాయకుడు చెప్పిన వారపు సెలవు మన దేశంలో మిల్లు కార్మికులకు 1890లో దక్కింది, దానికి పోరాడిన నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లులో స్టోర్‌కీపరుగా చేసినవాడు, ఫూలే శిష్యుడు. పోలండ్‌లోని గ్డాన్స్క్ ఓడల కార్ఖానాలో 1980 ఆగస్టులో రిటైర్మెంటుకు అయిదు నెలల ముందు తీసేసిన క్రేన్ ఆపరేటర్ అన్నా వాలెంతినోవిచ్ కోసం సమ్మె మొదలైంది. ఆమె అప్పటికే రహస్య యూనియన్ కార్యకర్త. అక్కడ యజమాని కార్మిక రాజ్యం అని చెప్పుకునే ప్రభుత్వం, బయటి శక్తుల కుట్ర అన్న పాట మాత్రం మారలేదు. విప్లవకారులే అధికారంలో ఉన్నా మీ మేనేజర్ భాషే మాట్లాడతారని అప్పుడు తెలిసింది.

చివరగా, బయటివాళ్లు నాయకులెందుకవుతారు? జవాబు సింపుల్: వాళ్లను ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు. 1918లో మద్రాసు పెరంబూరు మిల్లు కార్మికులు భోజన విరామం చాలదనీ, ఆలస్యానికి జరిమానాలనీ, మేస్త్రీలు కొడుతున్నారనీ చెప్పుకోవడానికి లోపల దిక్కు లేక, ఆ పేటలో వ్యాపారం చేసుకునే సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు దగ్గర మొరపెట్టుకున్నారు. వాళ్లు వెళ్లి అనిబిసెంట్ సహచరుడు బి.పి.వాడియాను పట్టుకొచ్చారు. ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో సభ్యత్వం, చందాలతో పద్ధతిగా నడిచిన తొలి యూనియన్ అదేనంటారు. వాడియా విప్లవకారుడేమీ కాదు, దివ్యజ్ఞాన సమాజం మనిషి. అయినా కంపెనీ ఆయన మీద హైకోర్టుకు వెళ్లింది, ఒప్పందాలు ఉల్లంఘించేలా కార్మికులను ప్రేరేపించారని ఇంజంక్షన్ తెచ్చింది, నష్టపరిహారం అడిగింది. ఆయన కార్మికోద్యమం నుంచి తప్పుకోవాలన్న షరతు మీద రాజీ కుదిరింది.

ఆ కేసు చూశాకే, రిజిస్టరైన యూనియన్‌కు రక్షణ ఉండాలని కార్మిక నాయకుడు ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో పట్టుబట్టారు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం అలా వచ్చింది. సమ్మె ప్రేరణ పేరుతో సివిల్ దావా వేయకుండా అందులో రక్షణ ఇచ్చారు, కార్యవర్గంలో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లు అయి ఉండాలన్నారు. మిగతా సగం బయటివాళ్లు కావచ్చు. 2001 సవరణతో వ్యవస్థీకృత రంగంలో ఆ వాటా మూడో వంతు లేదా అయిదుగురు, ఏది తక్కువైతే అంతకు తగ్గింది. మీ యూనియన్‌లో బయటివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవాలంటే యూనియన్ రిజిస్ట్రార్‌కు పంపిన వార్షిక రిటర్నులో కార్యవర్గం జాబితా ఉంటుంది, సభ్యులుగా మీరు అడిగి చూడొచ్చు. దాంతోపాటు లెక్కల కాగితం కూడా అడగండి.